పాత గూడుబండి: సేకరణ, వయసు నిర్ణయం, పునరుద్ధరణ – నెల్లూరు, ప్రకాశం జిల్లాల అభిరుచిపరులకు సమగ్ర మార్గదర్శి

నెల్లూరు, ప్రకాశం జిల్లాల పల్లెల్లో ఒకప్పుడు రెండు రకాల ఎడ్లబండ్లు ఉండేవి. ఎరువు, ధాన్యం, గడ్డి తోలే సరుకుల బండి ఒకటి. మనుషులు కూర్చుని పెళ్ళికో, తిరునాళ్ళకో, పురిటికి పుట్టింటికో వెళ్ళడానికి కట్టిన గూడుబండి రెండవది. మొదటి రకం పనిలోనే అరిగిపోయి చివరకు వంటచెరకుగా మారింది. రెండవది ఏడాదిలో కొద్ది రోజులే బయటికి వచ్చి మిగిలిన కాలమంతా నీడపట్టున ఉండేది గనుక, ఇప్పటికీ అక్కడక్కడా గొడ్లచావిళ్ళలో దొరుకుతోంది. ఈ వ్యాసం గూడుబండిని వెతికి కొనడం, దాని కాలాన్ని నిర్ణయించడం, తిరిగి నడిచే స్థితికి తీసుకురావడం గురించి. పని అంతటా ఒకే సూత్రాన్ని పాటించాలి. పాత కలపను, పాత ఇనుమును వీలైనంత ఎక్కువగా నిలుపుకోవాలి, బరువు మోసే చోట మాత్రం ఏ మొహమాటమూ లేకుండా కొత్తది వేయాలి.

బండిని వెతకడం

ఒంగోలు, నెల్లూరు పట్టణాల్లో పాత సామాను అమ్మే దుకాణాల కంటే దర్శి, పొదిలి, కనిగిరి, ఉదయగిరి, ఆత్మకూరు చుట్టుపక్కల మెట్ట గ్రామాలే వెతకడానికి అనువైనవి. అక్కడి గాలి పొడిగా ఉంటుంది గనుక కలప కుళ్ళడం తక్కువ. తీరానికి దగ్గరగా కొత్తపట్నం, మైపాడు వైపు దొరికే బండ్లలో కలప బాగున్నా, ఉప్పుగాలికి ఇనుము పొరలుగా లేచిపోయి ఉంటుంది. సంక్రాంతికి ఒంగోలు జాతి ఎడ్లతో బండ లాగుడు పోటీలు జరిగే చోటికి వెళితే, ఏ ఊరిలో ఎవరి చావిడిలో పాత బండి పడి ఉందో, చక్రం కట్టగల వడ్రంగి ఇంకా ఎక్కడ ఉన్నాడో చెప్పగల పెద్దలు ఒకే చోట కలుస్తారు. బండి కంటే ముందు వడ్రంగిని, కమ్మరిని వెతికి పెట్టుకోవడం మంచిది. ఆ ఇద్దరూ దొరకకపోతే బండి కొన్నా అది చావిడి మారడం తప్ప మరేమీ జరగదు.

తొలిసారి కొనేవారు అలంకారం ఎక్కువగా ఉన్న బండిని కాక, రెండు చక్రాలూ జోడుగా ఉన్న బండిని ఎంచుకోవాలి. ఇత్తడి పువ్వులు, చెక్కుడు పని, కమాను కట్టలు (కుదుపు తగ్గించే ఉక్కు స్ప్రింగులు) చూసి మురిసి, వేర్వేరు బండ్ల నుంచి తెచ్చి తగిలించిన చక్రాలను గమనించకపోతే ఖర్చు రెట్టింపు అవుతుంది. రెండు చక్రాల వ్యాసం, ఆకుల (దిమ్మ నుంచి అంచుకు సాగే కర్రల) సంఖ్య, నడిమి దిమ్మ పొడవు, ఇనుప పట్టా వెడల్పు కొలిచి చూస్తే జోడు అవునో కాదో వెంటనే తెలుస్తుంది.

కొనేముందు చేయవలసిన పరీక్ష

బండిని పగటి వెలుతురులోకి లాగించి చూడాలి. సన్నని బాకు మొనతో ఇరుసు కింది చెక్కను, నొగలు (కాడి దాకా సాగే పొడవాటి కొయ్యలు) ఇరుసును దాటే చోటును, గూడు బద్దలు దిగే రంధ్రాలను గుచ్చాలి. మొన సులువుగా అర అంగుళం లోపలికి దిగితే ఆ భాగం పనికిరాదని లెక్క వేసుకోవచ్చు. చెదలు తిన్న కలప పైకి నున్నగానే ఉండి లోపల బోలుగా ఉంటుంది గనుక చిన్న సుత్తితో తట్టుతూ పోవాలి. గట్టి కలప ఖంగుమంటుంది, బోలు కలప బొదబొదమంటుంది. పురుగు రంధ్రాల కింద లేతరంగు పొడి తాజాగా రాలి ఉంటే పురుగు ఇంకా బతికే ఉందని అర్థం. అటువంటి బండిని మందు పెట్టకుండా ఇంట్లోని ఇతర చెక్క సామాను దగ్గరికి చేర్చరాదు.

తరువాత ఒక్కొక్క చక్రాన్ని నేల నుంచి ఎత్తి తిప్పాలి. అంచు పక్కలకు ఊగుతోందా, నడిమి దిమ్మ ఇరుసు మీద ఎంత వదులుగా ఉంది, ఆకులు దిమ్మలో కదులుతున్నాయా అన్నది చూడాలి. ఆకులు కదిలినంత మాత్రాన చక్రాన్ని వదులుకోనక్కరలేదు, పట్టా మళ్ళీ ఎక్కిస్తే చాలావరకు బిగుస్తాయి. ఆకులు దిగే తొలుల (రంధ్రాల) గుండా దిమ్మ నిలువునా చీలి ఉంటే మాత్రం కొత్త దిమ్మ కావలసిందేనని ధరలో తగ్గించుకోవాలి.

చట్టం విషయం కొద్దిగా తెలిసి ఉండాలి. నూరేళ్ళు నిండిన చారిత్రక, కళాత్మక వస్తువులు 1972 నాటి పురావస్తువుల చట్టం పరిధిలోకి వస్తాయి గనుక అటువంటివాటిని సొంతంగా విదేశాలకు పంపడం నేరం. దేవాలయాలకు చెందిన బండ్లను, వాహనాలను ఎవరు అమ్మజూపినా కొనరాదు. వెలిగొండల చాయలో ఉన్న ఈ ప్రాంతంలో బండిలో ఎర్రచందనం ఉందని చెప్పి ధర పెంచే అమ్మకందార్లు కనిపిస్తారు. ఆ మాట అబద్ధమైతే మోసం, నిజమైతే అటవీశాఖతో తలనొప్పి, కాబట్టి ఎలా చూసినా అది ధర పెంచవలసిన కారణం కాదు. కొన్నప్పుడు ఎవరి దగ్గర, ఏ ఊరిలో, ఎంతకు కొన్నారో రాయించి ఇద్దరు సాక్షుల సంతకాలు తీసుకోవాలి.

వయసు తేల్చడం

గూడుబండికి ఒకే వయసు ఉండదు. తాత చేయించిన తొట్టికి (మనుషులు కూర్చునే పెట్టె భాగానికి) తండ్రి చక్రాలు మార్పించి ఉంటాడు, కొడుకు గూడు కట్టించి ఉంటాడు. కాబట్టి తొట్టి, చక్రాలు, ఇరుసు, గూడు, ఇనుప సామాను అనే అయిదింటికి విడివిడిగా కాలం నిర్ణయించి, ప్రతి నిర్ణయానికీ ఆధారం రాసి పెట్టుకోవాలి. ఏ భాగంలోనైనా పాత లక్షణం ఒకటి కనిపించినంత మాత్రాన అది పాతదని తేలదు, ఎందుకంటే పాత మేకును కొత్త చెక్కకు కొట్టవచ్చు. కదిలించని అతుకు లోపల కనిపించే అతి కొత్త వస్తువే ఆ అతుకు అంతకంటే ముందుది కాదని నిశ్చయంగా చెబుతుంది.

అన్నిటికంటే తేలికైన ఆధారం రాత. తొట్టి ముందు పలక మీదనో, వెనుక అడ్డపట్టీ మీదనో యజమాని పేరు, ఊరు, తాలూకా, జిల్లా రాయించుకోవడం పరిపాటి. ఈ ప్రాంతపు సరిహద్దులు పలుమార్లు మారడం చరిత్రకారులకు చికాకు కావచ్చు గాని బండి సేకరించేవారికి అదొక వరం. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడినప్పుడు ఒంగోలు తాలూకా నెల్లూరు నుంచి అందులోకి వెళ్ళింది. 1970 ఫిబ్రవరిలో గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల భాగాలతో ఒంగోలు జిల్లా ఏర్పడింది, 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు. కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాలు నెల్లూరు జిల్లా నుంచి కొత్త జిల్లాలోకి వెళ్ళినవే. అందువల్ల "ఒంగోలు తాలూకా, గుంటూరు జిల్లా" అని ఉన్న పలక 1904కూ 1970కీ నడుమ రాసినదై ఉండాలి. "కనిగిరి తాలూకా, నెల్లూరు జిల్లా" అని ఉంటే 1970కి ముందుది. "ఒంగోలు జిల్లా" అని ఉంటే దాదాపు రెండు మూడేళ్ళ వ్యవధిలోకి కాలం వచ్చి కూర్చుంటుంది, అటువంటి పలక దొరకడం అదృష్టమే. 1985లో తాలూకాల స్థానంలో మండలాలు వచ్చాయి గనుక "మండలం" అన్న మాట ఉన్న రాత ఆ తరువాతిది. అయితే జనం పాత పేర్లను అలవాటుగా మరి కొన్నేళ్ళు రాసుకునే అవకాశం ఉంది కాబట్టి, ఏ సరిహద్దు దగ్గరైనా అయిదారేళ్ళ సందు ఇచ్చి లెక్కించాలి.

కొన్ని బండ్ల మీద అంకెలకు బదులు తెలుగు సంవత్సరం పేరు చెక్కి ఉంటుంది. అరవై ఏళ్ళకు ఒకసారి అదే పేరు తిరిగి వస్తుంది గనుక ఇక్కడే ఇనుము సాయం కావాలి. ఉదాహరణకు "విజయ" అని ఉంటే అది 1893–94 కావచ్చు, 1953–54 కావచ్చు. ఆ చెక్కుడు ఉన్న పలకను పట్టి ఉంచిన ఇనుప బద్దీ మీద టాటా ముద్ర కనిపించి, ఆ బద్దీని ఎన్నడూ విప్పిన జాడ లేకపోతే, రెండవ సంవత్సరాన్నే తీసుకోవాలి, ఎందుకంటే 1907లో స్థాపించిన టాటా కర్మాగారంలో ఉక్కు తయారీ మొదలైనది 1912లో. ఇంగ్లాండులో తయారైనట్టు ముద్ర ఉన్న ఇనుము మాత్రం అంత గట్టి ఆధారం కాదు, దిగుమతులు చాలాకాలం సాగాయి.

ఇనుము తుప్పు పట్టిన తీరు కూడా కాలాన్ని సూచిస్తుంది. కొలిమిలో సాగగొట్టిన పాత రకం చేత ఇనుము తుప్పు పట్టినప్పుడు కొయ్య నారలా పొరలు పొరలుగా విడిపోతుంది, తరువాత వచ్చిన మెత్తని ఉక్కు సమంగా గుంటలు పడుతుంది. మేకులు నలుపలకగా ఉండి మొనవైపు సన్నబడితే అవి కమ్మరి చేతివి. గుండ్రని తీగ మేకులు కర్మాగారానివి. బోల్టులకు అంగుళాల మర ఉంటే మెట్రిక్ పద్ధతి స్థిరపడిన 1960ల కంటే ముందువై ఉండే అవకాశం ఎక్కువ, కాని పల్లె దుకాణాల్లో అంగుళాల బోల్టులు తరువాత కూడా అమ్ముడుపోయాయి గనుక దీన్ని ఒంటరి సాక్ష్యంగా తీసుకోరాదు. తలపై ప్లస్ గుర్తు ఉన్న స్క్రూ, విద్యుత్ వెల్డింగ్ పూస, ప్లైవుడ్ ముక్క కనిపిస్తే అవి తరువాతి మరమ్మతులు. ఐఎస్ఐ ముద్ర ఉన్న ఏ వస్తువైనా స్వాతంత్ర్యం తరువాతిదే.

కలప మీది పనిముట్ల గుర్తులను ఏటవాలు వెలుతురులో చదవాలి. బాడిశతో చెక్కిన తలం మీద చిన్న చిన్న దోనెల వంటి పల్లాలు కనిపిస్తాయి. ఇద్దరు మనుషులు గుంటరంపంతో కోసిన పలక మీద గీతలు నిటారుగా ఉన్నా ఎడం సమంగా ఉండదు. యంత్రపు గుండ్రని రంపం గీతలు వంపుగా, సమమైన దూరంతో ఉంటాయి. పలకల అడుగుభాగంలో, కూర్చునే వారి కంటికి కనబడని వైపున ఈ గుర్తులు చెరిగిపోకుండా మిగులుతాయి. తెలియక ఆ అడుగుభాగాన్ని చిత్రిక పట్టించేవారిని చూస్తే బాధ కలుగుతుంది, ఎందుకంటే అక్కడ ఉన్నది మురికి కాదు, దస్తావేజు.

కుటుంబంలోని వృద్ధులను అడిగేటప్పుడు "ఎన్నేళ్ళయింది?" అని అడిగితే ప్రయోజనం తక్కువ. "ఆంధ్ర రాష్ట్రం రాకముందా, వచ్చాకా?", "కూలి అణాల్లో ఇచ్చారా, నయాపైసల్లో ఇచ్చారా?", "దివిసీమ తుపానప్పుడు ఈ బండి ఇంట్లో ఉందా?" అని అడగాలి. ఆంధ్ర రాష్ట్రం 1953 అక్టోబరులో, నయాపైసలు 1957 ఏప్రిల్‌లో, ఆ తుపాను 1977 నవంబరులో వచ్చాయి గనుక జవాబులు నేరుగా కాలపట్టికలోకి ఎక్కుతాయి.

విడదీసే ముందు

మొదటి పని ఫొటోలు తీయడం, రెండవది కొలవడం, మూడవది సంఖ్యలు వేయడం. ప్రతి అతుకు దగ్గర రెండు భాగాలకూ ఒకే సంఖ్య రాసిన చిన్న రేకు ముక్కలు దారంతో కట్టాలి. సుద్దతో రాస్తే కడిగేటప్పుడు పోతుంది, శాశ్వత సిరా కలపలోకి ఇంకి పోనే పోదు. కొన్ని బండ్లలో అతుకుల దగ్గర వడ్రంగి ఉలితో పెట్టిన గంట్లు ముందే ఉంటాయి, వాటిని ఆధారంగా తీసుకుంటే కొత్త సంఖ్యలు అక్కరలేదు. విడదీసిన ప్రతి సీల, ప్రతి మేకు, చినిగిన ప్రతి చాప ముక్క విడి సంచుల్లో ఉంచాలి. తిరిగి వాడకపోయినా నమూనాకు పనికొస్తాయి.

కలిసి ఉండే అతుకును విడదీయకపోవడమే మేలు. గట్టిగా ఉన్న తొట్టిని పూర్తిగా ముక్కలు చేసి మళ్ళీ కూర్చడం వల్ల వచ్చే లాభం శూన్యం. బిగువుగా ఉన్న అతుకులు తెరవగానే వదులవుతాయి.

శుభ్రత, పురుగు, పాత రంగు

పొడి కుంచెతో దుమ్ము దులిపి, బాగా పిండిన తడిగుడ్డతో తుడవడంతో చాలావరకు సరిపోతుంది. నీటి గొట్టం, పీడనంతో కొట్టే నీటి యంత్రం గూడుబండి దగ్గరికి రానీయరాదు. పాత ఎరుపు, పసుపు రంగుల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ. అందువల్ల ఉప్పుకాగితంతో పొడిగా రుద్దరాదు, తడిపి రుద్దాలి, ముక్కుకు మంచి ముసుగు ధరించాలి, పిల్లలు తిరిగే చోట ఆ పని చేయరాదు. గట్టిగా పట్టుకుని ఉన్న పాత రంగును అసలు తీయకుండా ఉంచడమే నా సలహా. ఒక మూలన చదరపు అంగుళం మేర పొరలు పొరలుగా గీకి చూస్తే, కింద ఏ రంగు మీద ఏ రంగు పడిందో క్రమం తెలుస్తుంది, వయసు నిర్ణయానికీ అది ఉపకరిస్తుంది.

పురుగుకు బోరాక్స్, బోరిక్ ఆమ్లం కలిపిన నీళ్ళు పనిచేస్తాయి. 10 లీటర్ల వేడినీటిలో 300 గ్రాముల బోరాక్స్, 200 గ్రాముల బోరిక్ ఆమ్లం కరిగించి, రంధ్రాల్లోకి సిరంజితో ఎక్కించి, పైన కుంచెతో రెండు మూడు పూతలు పూసి, వారం పాటు నీడలో ఆరనివ్వాలి. ఈ మందు వానకు కడుక్కుపోతుంది గనుక తరువాత నూనె పూత తప్పనిసరి.

చక్రం

బండిలో మిగిలినదంతా ఒక ఎత్తు, చక్రం ఒక్కటీ ఒక ఎత్తు. సాధారణంగా నడిమి దిమ్మలోకి 12 ఆకులు దిగుతాయి, ఒక్కొక్క పూటీ (అంచులోని వంపు చెక్క) రెండు ఆకులను అందుకుంటూ ఆరు పూటీలు అంచుగా వంపు తిరుగుతాయి, వాటన్నిటినీ బిగించి పట్టేది చుట్టూ ఉన్న ఇనుప పట్టా. జిగురు గాని మేకు గాని చక్రాన్ని నిలపవు, పట్టా బిగువే నిలుపుతుంది. ఈ సంగతి అర్థం కానివారు వదులైన ఆకుల దగ్గర ఫెవికాల్ పోసి, మేకులు దిగ్గొట్టి, మంచి చక్రాన్ని పాడు చేస్తుంటారు.

రోహిణి కార్తె ఎండలకు కలప ఎండి కుంచించుకుపోయినప్పుడు పట్టా వదులవుతుంది. పూర్వం అటువంటి చక్రాలను చెరువులోకి దింపి నానబెట్టేవారు. ప్రయాణం ఆగకూడదన్న అవసరానికి అది సరైన ఉపాయమే గాని మరమ్మతు కాదు. ఉబ్బిన కలప ఇనుము లోపల ఇరుక్కుని నలుగుతుంది, మళ్ళీ ఎండినప్పుడు ముందుకంటే ఎక్కువ వదులవుతుంది.

సరైన పద్ధతి పట్టా తీసి మళ్ళీ ఎక్కించడం, అందుకు ఎండాకాలమే తగిన అదను. పట్టాకు, ప్రతి పూటీకి, ప్రతి ఆకుకు సంఖ్యలు వేశాక, పక్క నుంచి కొయ్య దుంగ అడ్డుపెట్టి చుట్టూ సమంగా కొడుతూ పోతే వదులుగా ఉన్న పట్టా దానంతట అదే జారుతుంది. పట్టాను కోయడం చివరి మార్గంగానే ఉంచుకోవాలి. తరువాత ఒక్కొక్క ఆకు రెండు చివరలనూ పరీక్షించి, తొలిలోకి దిగే కొస కుళ్ళినదాన్ని, నడుమ చీలినదాన్ని మాత్రమే మార్చాలి.

కొత్త ఆకులకు బాగా ఎండిన నల్లతుమ్మ మంచిది. రంపంతో కోసిన బద్ద కంటే గొడ్డలితో నారవెంట చీల్చిన బద్ద మేలు, ఎందుకంటే చీల్చిన బద్దలో నార ఈ కొస నుంచి ఆ కొస దాకా తెగకుండా సాగుతుంది. కొట్టిన తుమ్మ దుంగలను కొన్ని నెలలు నీటిలో ఉంచి తరువాత నీడలో ఆరబెట్టే పద్ధతి మన వడ్రంగులకు తెలుసు. ఆ పని హడావిడిగా చేసిన కలపను తీసుకుంటే రెండవ వేసవికే ఆకులు మళ్ళీ గలగలమంటాయి. కొస తొలిలోకి చేత్తో దిగకూడదు, సమ్మెటతో కొడితేనే దిగాలి. పూటీలను వాటి మధ్య కొయ్య చీలలతో కలిపి కూర్చినప్పుడు, ఒక్కొక్క అతుకు దగ్గర సుమారు రెండు మిల్లీమీటర్ల సందు మిగలాలి. ఆ సందు లేకపోతే పట్టా బిగువంతా పూటీలు ఒకదాన్నొకటి నెట్టుకోవడానికే ఖర్చయి, ఆకులు వదులుగానే మిగులుతాయి.

ఇప్పుడు కొలత. చేతిలో పట్టే చిన్న గుండ్రని బిళ్ళకు పిడి తగిలించి, అంచున ఒక గుర్తు పెట్టి, దాన్ని చక్రం బయటి అంచు వెంట ఒక చుట్టు, పట్టా లోపలి అంచు వెంట ఒక చుట్టు దొర్లించి తేడా చూడాలి. అయిదు అడుగుల వ్యాసం ఉన్న చక్రానికి చుట్టుకొలత దాదాపు 188 అంగుళాలు. పట్టా లోపలి చుట్టుకొలత చక్రం కంటే ముప్పాతిక నుంచి ఒక అంగుళం తక్కువ ఉండాలి. ఇనుము ఒక్కొక్క డిగ్రీ సెల్సియస్‌కు దాదాపు పది లక్షల్లో 12 వంతులు పెరుగుతుంది గనుక, మసక ఎరుపు వచ్చేలా 650 డిగ్రీలు వేడెక్కించినప్పుడు ఆ పట్టా సుమారు ఒకటిన్నర అంగుళం సాగుతుంది, కాబట్టి చక్రం మీదికి దిగడానికి చోటు ఉంటుంది. తేడా చాలకపోతే కమ్మరి పట్టాలో ఒక ముక్క కోసి మళ్ళీ అతుకుతాడు. చివరి మాట కమ్మరిదే. కలప ఎంత ఎండిందో, పాత అతుకులు ఎంత నలిగాయో చూసి అతడు పావు అంగుళం అటో ఇటో చెబితే వినాలి.

నేల మీద రాళ్ళు పరచి, పట్టాను వాటిపై ఉంచి, చుట్టూ పిడకలు, ఎండుకట్టెలు సమంగా పేర్చి నిప్పు పెట్టాలి. ఒకవైపు ఎక్కువ, ఒకవైపు తక్కువ కాలితే పట్టా గుండ్రం తప్పుతుంది. తెల్లవారుజామున ఈ పని పెట్టుకుంటే ఎరుపు రంగు కంటికి స్పష్టంగా తెలుస్తుంది, మనుషులకూ ఎండ బాధ ఉండదు. చక్రాన్ని పక్కనే సమతలంగా, దిమ్మ గుంటలోకి దిగేలా పడుకోబెట్టి ఉంచాలి. ముగ్గురు మనుషులు పొడవాటి పట్టకార్లతో పట్టాను ఎత్తి ఒక్కసారిగా చక్రం మీదికి దించాలి, నాలుగవ మనిషి సమ్మెటతో మిట్టలున్న చోట కొట్టాలి. కలప మండడం మొదలవుతుంది, అది సహజం, కంగారు పడకుండా పట్టా పూర్తిగా కూర్చున్న క్షణమే చుట్టూ తిరుగుతూ సమంగా నీళ్ళు పోయాలి. అతుకులు కిర్రుకిర్రుమంటూ మూసుకుపోవడం వినిపిస్తుంది. పాలియెస్టర్ బట్టలు, చెప్పులు లేని కాళ్ళు, గుమిగూడిన పిల్లలు ఈ చుట్టుపక్కల ఉండరాదు.

చల్లారాక ఒక్కొక్క ఆకును చిన్న సుత్తితో తట్టాలి. అన్నీ దాదాపు ఒకే రకంగా మోగితే పని కుదిరినట్టు. ఒకటి రెండు మాత్రం మొద్దుగా పలికితే, ఆ చోట పూటీ అతుకు ముందే మూసుకుపోయి ఉండవచ్చు, పట్టా మళ్ళీ తీయక తప్పదు.

ఇరుసు, నొగలు, తొట్టి

ఇనుప ఇరుసు కింది భాగంలోనే ఎక్కువగా అరుగుతుంది. దిమ్మలోని పోత ఇనుప గొట్టానికీ ఇరుసుకూ మధ్య ఆట ఎక్కువైతే లేతు యంత్రం ఉన్న పనిచోట గొట్టం మార్పించాలి. చక్రం జారకుండా ఆపే సీలలను పాతవి ఎంత అందంగా ఉన్నా వాడవద్దు. అవే నమూనాతో కొత్తవి కొట్టించి, పాతవాటిని పేరు రాసి దాచాలి. "కందెన వేయని బండికి కావలసినంత సంగీతం" అన్న సామెత వాస్తవం. ఆముదంలో కాలిన వరిగడ్డి మసి కలిపిన పాత కందెన నెమ్మదిగా నడిచే బండికి ఇప్పటికీ చాలు, దాన్ని తరచుగా వేయాలి. కందెనకు ఆముదం తగినదే గాని కలప పూతకు తగదు, అది ఎన్నటికీ ఆరదు.

నొగ ఇరుసును దాటే చోట కుళ్ళి ఉంటే మొత్తం నొగను మార్చాలి. ముందువైపు కొంత భాగం మాత్రమే పాడైతే ఏటవాలు అతుకు వేయవచ్చు, అతుకు పొడవు నొగ మందానికి కనీసం ఎనిమిది రెట్లు ఉండాలి. కమాను కట్టలు వంపు తగ్గాయని కొలిమిలో కాల్చి వంచరాదు, వాటి పదును పోతుంది. ఇనుము తుప్పును తీగ కుంచెతో రుద్ది, చిక్కని కరక్కాయ కషాయం పూస్తే మిగిలిన తుప్పు నల్లగా మారి నిలుస్తుంది. దాని మీద మైనం పట్టించకపోతే ఒక వానాకాలం కూడా ఆగదు.

తొట్టి పలకల్లో చిన్న చిల్లులను అదే రకం పాత కలప ముక్కతో పూడ్చాలి. ఉదయగిరిలో చెక్క గరిటెలు, చెంచాలు చేసే పనివారి చేతి నేర్పు ఇటువంటి సన్నని అతుకులకు, విరిగిన చెక్కుడు పువ్వులకు చక్కగా పనికొస్తుంది.

గూడు

గూడు బండి అంతటిలో తొందరగా పోయే భాగం, కాబట్టి కొత్తగా కట్టడానికి సంకోచించనవసరం లేదు. మూడేళ్ళు దాటిన వెదురు తీసుకుని చీల్చి, పైన చెప్పిన బోరాక్స్ నీళ్ళలోనే వారం నానబెట్టి నీడలో ఆరబెట్టాలి. బద్దలను నిప్పు సెగ మీద నెమ్మదిగా వంచి, పాత రంధ్రాల్లోకే దించాలి, కొత్త రంధ్రాలు తొలవరాదు. పైన ఈతచాపో వెదురు తడికో పరచి సన్నని తాడుతో అల్లి కట్టాలి. పాత చాప ముక్క దొరికి ఉంటే దాని అల్లిక రకాన్నే అనుసరించాలి. ప్లాస్టిక్ చాప వేసి రంగు దీపాలు కట్టిన గూడుబండ్లు హైవే పక్క భోజనశాలల ముందు చాలానే ఉన్నాయి, మరొకటి చేర్చనక్కరలేదు.

పూత

లోపలా బయటా కలపకు కాచిన అవిసె నూనె సరిపోతుంది. మొదటి పూతలో సగానికి సగం టర్పెంటైన్ కలిపి పలుచగా పూసి, ఇరవై నిమిషాల తరువాత మిగులు నూనెను గుడ్డతో పూర్తిగా తుడిచేయాలి. రెండు మూడు రోజులు ఆరాక రెండవ పూత, ఆ తరువాత మూడవది వేయాలి. నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూలన పడేస్తే వాటంతట అవే వేడెక్కి మండుతాయి, గడ్డివాముల మధ్య పనిచేసేవారు ఈ మాటను తేలికగా తీసుకోరాదు. ఆ గుడ్డలను విప్పి దండెం మీద ఆరవేయాలి, లేదా నీళ్ళ బాల్చీలో ముంచి ఉంచాలి. వేరుశనగ నూనె వాసన పట్టి జిగటగా మిగులుతుంది. మెరుపు వార్నిష్ ఈ ప్రాంతపు ఎండకు పగిలి పొలుసులుగా లేస్తుంది.

కట్టి నడపడం

ముందుగా ఎడ్లు లేకుండా ఇద్దరు మనుషులు కాడి పట్టుకుని నూరు గజాలు లాగి చూడాలి. మనుషులు ఎక్కాక కాడి మీద కొద్దిపాటి బరువు కిందికి పడాలి. వెనుక బరువు ఎక్కువైతే కాడి పైకి లేచి ఎడ్ల గొంతు పట్టెడలు బిగుస్తాయి. బండికి అలవాటు పడిన, ఎత్తు సమంగా ఉన్న జతనే కట్టాలి. పోటీ ఎడ్లు బలంగా ఉన్నా సవారీకి నెమ్మదైనవి కావు. 1965 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం రోజుకు మొత్తం తొమ్మిది గంటలకు మించి, విరామం లేకుండా ఒకేసారి అయిదు గంటలకు మించి పశువును బండికి వాడరాదు. ఉష్ణోగ్రత 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు అసలు కట్టరాదు. మన వేసవిలో ఇంకా ముందే, పొద్దున తొమ్మిదిలోపు సవారీ ముగించడం మేలు. తారు రోడ్డు మీదికి వెళ్ళవలసివస్తే వెనుక ఎర్రని ప్రతిఫలక పట్టీలు అతికించాలి, ఇక్కడ చారిత్రక శుద్ధి గురించి వాదించడం తగదు.

నిలవ

బండిని మట్టినేల మీద ఉంచరాదు. ఇరుసు కింద దిమ్మలు పెట్టి చక్రాలు నేలకు తాకకుండా లేపి, నెలకోసారి పావు చుట్టు తిప్పాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల తేమలో పాలిథిన్ పట్టా కప్పితే లోపల బూజు పడుతుంది, నూలు దుప్పటి కప్పి గాలి ఆడనివ్వాలి. తీరప్రాంతంలో ఉండేవారు ఇనుము మీది మైనాన్ని ఆరునెలలకోసారి మళ్ళీ పట్టించాలి. మే నెల చివరలో సన్నని రేకును పట్టాకూ పూటీకీ మధ్య నాలుగు చోట్ల దూర్చి చూసి, ఎంత లోతుకు దిగిందో బండి పుస్తకంలో తేదీతో రాయాలి. రేకు పట్టా వెడల్పులో సగం దాటి దిగిన ఏడాది కమ్మరిని పిలవాలి.